దిహే గుంట దగ్గర దుబాసీ

ఇటు నోజింబే సారు ఫ్రెంచి,
అటు యకాకా పిన్ని కనెంబు.
నడుమ నా నాలుకే బల్లకట్టు.
రోజుకి మూడు వేల ఫ్రాంకులు, భోజనం వాళ్ళదే.

రాజధాని నుంచి రెండు రోజులు
ఇసకలో ఈడ్చుకుంటూ వచ్చింది జీపు.
దిగీ దిగగానే సారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు.
పిన్ని చేతిలో గిన్నె అడ్డం పెట్టింది:
"మగాడి కాలు పడితే ఈ నీళ్ళు గొడ్డుపోతాయి. చెప్పవే."
చెప్పాను.
కొంచెం మెత్తగా చెప్పాను.
సారు ప్యాంటు దించుకుని
ఒడ్డునే గొంతుక్కూర్చున్నాడు.
సీసా చాపడం ఆయన వంతు,
ముంచి ఇవ్వడం మా వంతు.

పసుపు కాగితం ముక్క తడిపితే
ఆకుపచ్చై, నీలమై, నల్లగా కమిలింది.
"పది దాటింది" అన్నాడు.
పది దాటడమంటే పిన్నికేం చెప్పను?
"ఘాటు ఎక్కువట" అన్నాను.
పిన్ని నవ్వింది.
వేలు ముంచితే సబ్బులా జారే నీళ్ళు,
నాలిక్కి తగిలితే సున్నంలా పొక్కించే నీళ్ళు.
చేప లేదు, కప్ప లేదు,
మేకలు వాసన చూసి మొహం తిప్పుకుంటాయి.
ఈపాటి దానికి కాగితమా?

"బ్యాక్టీరియా" అన్నాడు సారు.
నా బల్లకట్టు నడి ఏట్లో ఆగిపోయింది.
ఆసుపత్రిలో ఆ మాటంటే
పసిపిల్లల విరేచనాలు, చీముపట్టిన పుండు.
తన నీళ్ళని అంత మాట అంటే పిన్ని ఊరుకుంటుందా?
"కంటికి ఆనని ప్రాణాలు" అన్నాను.
"జిన్నులా?"
"కాదు."
"ఇంత పచ్చగా ఆనుతుంటే, ఆనకపోవడమేంటే?"
ఆ ప్రశ్న మోసుకెళ్ళి సారు ముందు దించాను.
ఆయన చాలాసేపు నీళ్ళకేసి చూశాడు.

జీపు బానెట్టు మీద మైక్రోస్కోపు పెట్టాడు.
పిన్ని ముసుగు సర్దుకుని, ఒక కన్ను మూసి,
తర్వాత రెండో కన్ను మూసి,
మళ్ళీ మొదటిది తెరిచి, అంది:
"రాత్రి మనవరాలి తల దువ్వాను.
దువ్వెనలో మిగిలిన చుట్టలు ఇవే."
నేను కూడా చూశాను.
అవే.

సారు ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు.
బయట అంత మంట ఉన్నా
లోపల కాస్త మెత్తగా ఉంచుకుంటాయట.
అదేం ఊరికే కాదట.
చొరబడిన ఉప్పుని చొరబడినట్టే
రాత్రింబగళ్ళు తోడి బయట పోస్తాయట.
ఆపితే చస్తాయట.
పిన్నికి అంతా చెప్పాను.
పిన్ని ఏమీ అనలేదు.
పిన్ని ఆ ఇంట్లో మూడో భార్య. పద్దెనిమిదేళ్ళు.
ఇది తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.

అప్పటికే ఎండ ఎక్కుతోంది.
ఆడవాళ్ళు ఇసకలో పళ్ళేల్లాంటి గుంటలు తీసి
పచ్చటి చిక్కన పోశారు.
నీళ్ళు ఇసకలోకి, పచ్చదనం పైన.
పిన్ని అరచేత్తో దాన్ని నిమిరింది,
జ్వరం చూసినట్టు.
ఆరీ ఆరకముందే వేలితో గీతలు గీసింది:
నిలువు నాలుగు, అడ్డం నాలుగు.
"ఎంత?" అని సారు.
పిన్ని చెప్పిన ధర బోల్ సంతలో ధరకి రెట్టింపు.
నేను దానికి ఇంకో అయిదొందలు కలిపాను.
ఆయన బేరమాడలేదు. నాకే సిగ్గేసింది.

మధ్యాహ్నం సజ్జ సంకటి,
బెండకాయతో, ఎండుచేపతో దిహే పులుసు.
సారు మొదటి ముద్ద జంకుతూ పెట్టుకున్నాడు,
రెండోది అడిగి పెట్టించుకున్నాడు.
ఆ కాసేపూ నాకు పని లేదు.

జీపు పోయింది.
సీసాల్లో మా గుంట పన్నెండు ముక్కలై పోయింది.
"అక్కడ బతుకుతాయా?" అని పిన్ని.
అడుగుదామంటే దుమ్ము తప్ప ఎవరూ లేరు.

రాత్రి దీపం దగ్గర డబ్బు లెక్కపెడుతుంటే
నోట్లు వేళ్ళలోంచి జారిపోతున్నాయి.
మూడుసార్లు సబ్బుతో కడిగాను.
సబ్బుకి పోయే జారుడు కాదది.